కడచీల చెప్పు పాఠము: పాత మోటారుసైకిలు చక్రములను మరల కట్టుట



పల్లెలలో పుట్టి పెరిగిన పెద్దలకు బండిచక్రమును గూర్చి క్రొత్తగా చెప్పవలసినది లేదు. కుండ, ఆకులు, పూటీలు, ఇనుపపట్టా, ఇరుసు అను పేరులన్నియు మీకు బాల్యమునుండి తెలిసినవే. చక్రము ఇరుసునుండి జారిపోకుండ ఇరుసుకొసను దూర్చెడి చిన్న చీలను కడచీల యందుము. చక్రముతో పోల్చినచో దాని బరువెంత? దాని వెలయెంత? ఐనను తిరునాళ్లకు బండి కట్టించునపుడు ఇంటిపెద్ద ముందుగా చూచునది ఎడ్లకొమ్ములకు కట్టిన గంటలను కాదు, కడచీలను. దానిని చేతితో తడవిచూచి, అవసరమైనచో సుత్తితో ఒక దెబ్బ వేసి, అటుపిమ్మటనే పిల్లలను బండి యెక్కనిచ్చును.

నేటి ప్రసంగము ఆ కడచీలకు వారసులైన చిన్నవస్తువులను గూర్చినది. పాత మోటారుసైకిళ్ల చక్రములను విప్పి మరల కట్టునపుడు ఎట్టి బోల్టులను, ఎట్టి నట్టులను, ఎట్టి వాషర్లను ఎన్నుకొనవలెనో, అవి సడలకుండ ఎట్లు కాపాడుకొనవలెనో మనవి చేయుదును.

ఇది కుఱ్ఱవారి విషయము గదా, పెద్దలకేల యని మీరు అడుగవచ్చును. కారణము చెప్పెదను. ఇంగ్లండు దేశమునందలి రెడ్డిచ్ పట్టణములో ఎన్‌ఫీల్డు కంపెనీవారు 1901వ సంవత్సరమున మోటారుసైకిళ్లు చేయ మొదలిడిరి. వారి బుల్లెట్టు అను పేరుగల బండి 1932లో వెలువడినది. 1955లో ఆ కంపెనీవారును మద్రాసు మోటార్సు వారును కలసి ఎన్‌ఫీల్డు ఇండియా అను సంస్థను స్థాపించిరి. నాటినుండి ఆ బండ్లు మద్రాసునందే తయారై మన జిల్లాలకును వచ్చినవి. కరణము గారికో, డాక్టరు గారికో, ధాన్యపు వర్తకునకో సేవచేసి ముసలివైన బండ్లు నేటికిని కొన్ని యిండ్ల వెనుక పశువులకొట్టములలో గడ్డిక్రింద కలవు. మనుమలు వానిని వెలికితీసి, "తాతా, దీనిని మరల నడిపింతును" అనుచున్నారు. ఆ కోరిక మంచిదే. అనుమతి యిచ్చువారు మీరు, ధనమిచ్చువారు మీరు. కావున ఏమి యడుగవలెనో మీరెఱిగి యుండుట మేలు.

మొదట నా తప్పును చెప్పుకొనెదను.

మా పెదనాన్నగారి బండి యొకటి పదునైదేండ్లు మూలబడియుండెను. సెలవులలో నేనే దానిని విప్పితిని. రిమ్ములు క్రొత్తవి వేయించితిని, ఆకులు క్రొత్తవి కట్టించితిని, టైర్లు క్రొత్తవి కొంటిని. వెనుకచక్రమునందు బ్రేకుచెప్పులను మోయు పళ్లెమొకటి కలదు. బ్రేకు త్రొక్కినప్పుడు ఆ పళ్లెము చక్రముతోపాటు తానును తిరుగజూచును. అట్లు తిరుగనీక దానిని బండిచట్రమునకు కట్టియుంచు ఇనుపపట్టీ యొకటి యుండును. దానిని ఆపుడుపట్టీ యందము. ఆ పట్టీకొసనుండు బోల్టుయొక్క నట్టు కనబడలేదు. మా యింట ట్రాక్టరు సామానుల డబ్బాలో వెదకగా సరిగా అంతే లావుగల నట్టొకటి దొరకినది. రెండు చుట్లు వ్రేళ్లతోనే చక్కగా ఎక్కినది. తరువాత బిగిసినది. పానా పట్టి గట్టిగా త్రిప్పితిని. ఎంత బలము పెట్టవలసివచ్చెనో అంత గట్టిగా పట్టినదని సంతోషించితిని.

పదునొకండవ దినమున కాలువగట్టుమీద పోవుచుండగా గేదె యడ్డము వచ్చినది. బ్రేకు త్రొక్కితిని. ఆ నట్టు అంతకుముందే ఎచ్చటనో రాలిపోయినది. పట్టీ ఊడినది, పళ్లెము చక్రముతో తిరిగినది, బ్రేకుకడ్డీ చుట్టుకొని విఱిగినది, చక్రము ఒక్కసారిగా నిలిచిపోయినది. బండి ప్రక్కకు పడినది. నాకు దెబ్బ లేదు. వెనుక కూర్చున్న మా తమ్ముని కుమారునకు మణికట్టు విఱిగినది. వానికి అప్పుడు పదునాలుగేండ్లు. వాడు నన్నొక్కమాటయు అనలేదు. మా పెదనాన్నగారు మాత్రము ఒక్కటే యడిగిరి: "కడచీల చూచితివా?"

నేను చూచితిని. చూచియు మోసపోయితిని. పట్టినట్లు కనబడుట వేఱు, పట్టుట వేఱు. ఈ భేదమే నేటి ప్రసంగమునకు ప్రాణము.

ఆ నట్టు ఏల రాలిపోయినదో విచారింతము. బోల్టుమీద తీగవలె చుట్టుకొనిపోవు గాడిని మర యందుము. లావు సమానమైనంతమాత్రమున మర సమానము కాదు. అంగుళము పొడవునకు ఎన్ని చుట్లు కలవు, గాడియొక్క కోణమెంత అను రెండు సంగతులు కూడ సరిపోవలెను.

1841లో జోసెఫ్ విట్వర్తు అను ఇంగ్లీషు యంత్రశిల్పి మరలకు ఒక కొలతను ఏర్పఱచెను. అంతకుముందు ఒక్కొక్క కార్ఖానాకు ఒక్కొక్క కొలత. ఒక ఊరి నట్టు వేఱొక ఊరి బోల్టునకు ఎక్కెడిది కాదు. విట్వర్తు గాడికోణమును 55 డిగ్రీలుగా నిర్ణయించెను. తరువాత అదే కోణముతో, సన్నని చుట్లతో బ్రిటిష్ ఫైను అను మర వచ్చినది. సైకిళ్లకును మోటారుసైకిళ్లకును వేఱుగా సైకిలు మర అనునది ఏర్పడినది. దాని కోణము 60 డిగ్రీలు. చుట్లు మఱింత సన్నములు. రెండవ ప్రపంచయుద్ధమునందు అమెరికావారి సామాను ఇంగ్లీషువారికిని, ఇంగ్లీషువారి సామాను అమెరికావారికిని సరిపడక మిక్కిలి చిక్కులు కలిగినవి. అందుచేత 1948లో అమెరికా, బ్రిటను, కెనడా దేశములవారు కలసి ఏకీకృత మరను అంగీకరించిరి. దానిలో సన్నని చుట్లు గలదానిని యూనిఫైడ్ ఫైను అందురు. ఇప్పుడు అంగళ్లలో మనకు సులభముగా దొరకునది మిల్లీమీటరు కొలతలు గల మెట్రిక్ మర.

ఇప్పుడు 5/16 అంగుళపు బోల్టును ఉదాహరణముగా గైకొనుడు. విట్వర్తు మరలో దానికి అంగుళమునకు 18 చుట్లు. బ్రిటిష్ ఫైనులో 22. యూనిఫైడ్ ఫైనులో 24. సైకిలు మరలో 26. ఈ నాలుగింటి లావు ఒక్కటే. మెట్రిక్‌లో 8 మిల్లీమీటర్ల బోల్టుయొక్క లావు కూడ వీనికి వెండ్రుకవాసియే భేదము; ఏలయన 5/16 అంగుళమనగా 7.94 మిల్లీమీటర్లు. కంటికి ఈ యైదును అన్నదమ్ములు. లోపల ఒకదానికొకటి పొత్తు లేదు.

నా బండి బోల్టు సైకిలు మర, అంగుళమునకు 26 చుట్లు. ట్రాక్టరు డబ్బాలోని నట్టు యూనిఫైడ్ ఫైను, అంగుళమునకు 24 చుట్లు. ఆ నట్టు ఎత్తు సుమారు పావు అంగుళము. పావు అంగుళములో నట్టునకు 6 చుట్లు, బోల్టునకు 6½ చుట్లు. మొదటి రెండు చుట్లలో భేదము తెలియదు. మూడవ నాలుగవ చుట్టునకు గాడిమీద గట్టు ఎక్కును. అచ్చట నట్టు బిగియును. నేను పానాతో త్రిప్పినపుడు చేతికి తగిలిన బిగువు బోల్టు పట్టిన బిగువు కాదు. రెండు మరలును ఒకదాని నొకటి కోసికొనుచున్న బిగువు. నేను దానిని బలమని భ్రమించితిని.

కావున మొదటి నియమము: నట్టు తన బోల్టుమీద కడవఱకు వ్రేళ్లతోనే నడువవలెను. నైలాను నట్టులు, కావలెనని బిగువుగా చేసిన నట్టులు దీనికి మినహాయింపులు. తక్కినవాటిలో మురికి తుడిచి నూనె చుక్క వేసినతరువాతను పానా లేక కదలనిచో అది ఆ బోల్టుజాతి కాదు. మరచుట్లను కొలుచు రేకుల కొలబద్ద కొద్ది రూపాయలకే దొరకును. పండ్లుగల ఆ రేకును గాడిలో నుంచి వెలుతురునకు ఎదురుగా చూచినచో సందు కనబడరాదు. పాతబండి పలువురి చేతులు మారియుండును గనుక ఒకే చక్రములో మూడు జాతుల మరలుండుట వింత కాదు. ఒకటి కొలిచి తక్కినవియు అట్లే యనుకొనరాదు.

ఇక నిజమైన బిగువన నేమో తెలిసికొందము. బోల్టు మేకువంటిది కాదు. విల్లునకు కట్టిన నారివంటిది. నట్టును బిగించినపుడు బోల్టు అత్యల్పముగా సాగును. సాగినది మరల కుఱుచ కావలెనని లాగును. ఆ లాగుడుచేత రెండు ఇనుపముక్కలును ఒకదాని నొకటి అదుముకొని యుండును. బరువును మోయునది ముఖ్యముగా ఆ యదుముడువలన కలుగు రాపిడియే. ముక్కలు కదలనంతవఱకు బోల్టునకు ప్రమాదము లేదు. ఒకసారి సడలి ముక్కలు అటునిటు జరుగ మొదలిడినచో ప్రతి గుంతకును బోల్టు దెబ్బ తినును. కొంతకాలమునకు తెగిపోవును, లేదా నట్టు ఊడిపోవును.

మనము పానాతో పెట్టు బలమంతయు బోల్టును సాగదీయుటకే పోవునని తలంపవలదు. నూఱుపాళ్లలో సుమారు ఏబది పాళ్లు నట్టుక్రింది రాపిడికి, నలుబది పాళ్లు మరలోని రాపిడికి వ్యయమగును. మిగిలిన పదిపాళ్లే బోల్టును సాగదీయును. అందువలననే త్రుప్పుపట్టిన మరమీద ఎంత బిగించినను నిజమైన బిగువు కలుగదు. ఎండుమరకు చెప్పిన బలమునే నూనె పూసిన మరకు వాడినచో బోల్టు మితిమీఱి సాగిపోవచ్చును. తయారుచేసినవారు పుస్తకములో ఎంత బలము చెప్పిరో, ఎట్టి మరకు చెప్పిరో చూచి, కొలత చూపు పానాతో బిగించుట ఉత్తమము.

ఇచ్చట పాతబండ్లను సింగారించువారు తఱచుగా చేయు పొరపాటొకటి కలదు. నేటికాలమున చట్రమునకును హబ్బునకును పొడిరంగు చల్లి కొలిమిలో కాల్చి మందమైన పొర పూయుచున్నారు. అందముగానే యుండును. కాని నట్టు కూర్చుండు చోటను ఆ పొర నుంచినచో కీడు. లెక్క చూడుడు. రెండు సెంటీమీటర్ల మందమును పట్టియున్న మంచి బోల్టు పూర్తిగా బిగించినపుడు సాగునది మిల్లీమీటరులో ఇరువదియైదవ పాలు మాత్రమే. ఆ రంగుపొర మందము సాధారణముగా అంతకన్న ఎక్కువ. వేడిమికిని ఒత్తిడికిని ఆ పొర నలిగి పలుచబడినచో బోల్టు సాగిన సాగుదల యంతయు పోవును. నట్టు ఒక్కవెండ్రుకంతయు తిరుగదు. బిగువు మాత్రము సున్నయగును. కావున వాషరు కూర్చుండు చోట్లను, ఇరుసు కూర్చుండు గాళ్లను రంగు పూయకముందే కప్పియుంచవలెను. లేదా పూసినపిమ్మట ఇనుము కనబడువఱకు గీకివేయవలెను.

మెఱుగు విషయమునను జాగ్రత్త వలయును. మిక్కిలి గట్టిదనము గల ఉక్కుబోల్టులను విద్యుత్తుతో క్రోమియపు పూతకో జింకు పూతకో ఇచ్చినపుడు ఉదజని వాయువు ఉక్కులోనికి చొచ్చి దానిని పెళుసు చేయును. పూత తరువాత వెంటనే కొన్ని గంటలు సుమారు 200 డిగ్రీల వేడిలో నుంచినగాని ఆ దోషము పోదు. అట్లు చేయనిచో బోల్టు బిగించిన మఱునాడో, వారమునకో తనంతట తాను పగులవచ్చును. ఊరిలో కంచుచెంబులకు, తలుపుగొళ్లెములకు పూతపూయువారికి ఇరుసునట్టులను అప్పగింపరాదు.

తరువాతిది బలము. బోల్టులన్నియు ఒకే యుక్కుతో చేసినవి కావు. మంచి మెట్రిక్ బోల్టుతలమీద 8.8 అని గాని 10.9 అని గాని అంకెలుండును. 8.8 అనగా చదరపు మిల్లీమీటరు కోతకు సుమారు 80 కిలోల లాగుడువఱకు తెగదు. సుమారు 64 కిలోల లాగుడువఱకు శాశ్వతముగా సాగిపోదు. తలుపులకు గేట్లకు వాడు 4.6 రకమునకు ఈ లెక్కలు 40, 24 మాత్రమే. యూనిఫైడ్ బోల్టులకు అంకెలకు బదులు తలమీద గీతలుండును; మూడు గీతలున్నచో మధ్యమబలము, ఆఱు గీతలున్నచో అధికబలము. ఏ గుఱుతును లేని బోల్టును బలహీనమైనదిగానే ఎంచవలెను.

త్రుప్పుపట్టని తెల్లయుక్కు బోల్టులపై కుఱ్ఱవారికి మోజు మెండు. అవి వెండివలె మెఱయును. వానిలో సాధారణముగా దొరకు ఎ2-70 అను రకము సుమారు 45 కిలోల లాగుడునకే శాశ్వతముగా సాగును. అదియునుగాక తెల్లయుక్కు తెల్లయుక్కుతో రాచుకొన్నపుడు మరలు ఒకదాని నొకటి కఱచుకొని విడిపోవు. బురదఱేకులకు, దీపమునకు వానిని నిశ్చింతగా వాడవచ్చును. ఆపుడుపట్టీకిని, పండ్లచక్రమునకును, ఇరుసునకును ఆ వెండిమెఱుగు వలదు.

ఆపుడుపట్టీ విషయమున మఱియొక సంగతి. పట్టీరంధ్రములో నుండు భాగము నున్నని కడ్డీగా నుండవలెను, మరగాడి యుండరాదు. గాడి యనగా ముందుగానే కోసిన కోత, అచ్చటనే తెగును. నిలువెల్ల మరగల చవుక బోల్టును దూర్చుట, కొడవలితో సగము కోసిన త్రాటితో కుండను బావిలోనికి దించుటయే. బిగించినపిమ్మట నట్టునుండి ఒకటి రెండు మరచుట్లు బయటికి కనబడవలెను. కనబడనిచో బోల్టు పొట్టిది.

ఇప్పుడు సడలకుండ చేయు ఉపాయములకు వత్తము. ఇచ్చట మూడు పనులను వేఱువేఱుగా గుర్తింపవలెను. మొదటిది బిగువును నిలుపుట. రెండవది నట్టును తిరుగనీయకుండుట. మూడవది బిగువు పోయినను నట్టు రాలిపోకుండ కాచుట. మన కడచీల చేయునది ఈ మూడవపని. ఒక పనికి ఉద్దేశించిన దానిని వేఱొక పనికి నమ్మినచో మోసము.

స్ప్రింగువాషరు వేసితిమి, ఇక భయములేదని చాలమంది తలంతురు. 1969లో గెర్హార్డ్ యుంకర్ అను జర్మను ఇంజినీరు బోల్టులను అడ్డముగా కదపి పరీక్షించు యంత్రముయొక్క ఫలితములను ప్రకటించెను. నట్టు సడలుటకు ముఖ్యకారణము పట్టియున్న ముక్కలు అడ్డముగా జరుగుటయే యని అతడు చూపెను. అట్టి కదలికయందు స్ప్రింగువాషరు చేయు సాయము స్వల్పము. పూర్తిగా బిగించినచో అది చదునై సాధారణ వాషరువలెనే యుండును. కావున చక్రమునకు దానిని మాత్రమే నమ్మరాదు.

పైయంచున గాట్లుగల నట్టును, దానిగుండ బోల్టులో దూర్చు రెండుకాళ్ల పిన్నును మీరు ట్రాక్టరులలో చూచియుందురు. అది మూడవపనికి మిక్కిలి నమ్మకమైనది. నిజముగా కడచీలకు తమ్ముడు. కాని బిగువును అది నిలుపదు. గాటు రంధ్రమునకు ఎదురుగా రానిచో నట్టును వెనుకకు త్రిప్పి సరిపెట్టరాదు. ముందునకే కొద్దిగా బిగింపవలెను, లేదా వాషరును మార్చవలెను. ఒకసారి కాళ్లు వంచి తీసిన పిన్నును మరల వాడరాదు. దాని వెల బీడీకట్టకన్న తక్కువ.

కంఠమునందు నైలానువలయము గల నట్టు రెండవపనికి మంచిది. ఆ వలయము మరను కఱచి పట్టుకొని తిరుగనీయదు. కాని సుమారు 120 డిగ్రీల వేడికి మించినచో నైలాను పట్టు కోల్పోవును. బ్రేకుడ్రమ్మును ఆనుకొనియున్న చోట్లను అంత వేడి పుట్టవచ్చును గనుక అచ్చట పూర్తిగా లోహముతో చేసిన బిగువునట్టులను గాని, చెవులుగల రేకువాషర్లను గాని వాడవలెను. ఆ రేకుచెవిని నట్టుయొక్క చదునైన ప్రక్కకు ఆనించి వంచుదురు. పండ్లచక్రపు బోల్టులకు ఇది పాతకాలపు మంచి పద్ధతి. చెవి ఒకసారి వంచినదైనచో మరల వంచునపుడు విఱుగును, క్రొత్తది వేయవలెను. నైలాను నట్టును వ్రేళ్లతో కడవఱకు త్రిప్పగలిగినచో దాని యాయువు తీఱినదని తెలిసికొనవలెను.

మఱియొక ఉపాయము మరజిగురు. 1953లో వెర్నన్ క్రీబిల్ అను అమెరికా రసాయనశాస్త్రాచార్యుడు దీనిని కనుగొనెను. గాలి తగులుచున్నంతవఱకు ఇది ద్రవముగా నుండి, మరసందులలో గాలి అందకపోగానే గట్టిపడును. నూనెమరకమీద ఇది పట్టదు. మరను బాగుగా కడిగి ఆరబెట్టవలెను. మధ్యమరకమును వాడినచో పానాతో మరల విప్పవచ్చును. మిక్కిలి గట్టిరకము వేసినచో మంటతో కాల్చినగాని ఊడదు. అంత వేడి బేరింగులను పాడుచేయును. జిగురును చెడిన మరకు మందుగా వాడుట మాత్రము తప్పు. అది విఱిగిన కాలికి చందనము పూసినట్లే.

చక్రపుటాకులకు, అనగా స్పోకులకు, పట్టు నిచ్చునవి నిపిళ్లు. ఇవియు నట్టులే. పాతబండి చక్రమునకు సాధారణముగా 36 గాని 40 గాని ఆకులుండును. ఆకులావును బట్టి నిపిలును, నిపిలును బట్టి రిమ్ములోని రంధ్రమును సరిపోవలెను. 10వ నంబరు తీగ 3.25 మిల్లీమీటర్లు, 8వ నంబరు తీగ సుమారు 4.06 మిల్లీమీటర్లు. వేఱొక బండికై రంధ్రములు చేసిన రిమ్ము చవుకగా దొరకినదని తెచ్చినచో నిపిలు వంకరగా కూర్చుండి, ఆకు మెడవద్ద నిత్యము వంగి, కొంతకాలమునకు తెగును. ఆకుకొస నిపిలుతలను దాటి లోపలికి పొడుచుకొని రారాదు. వచ్చినచో ట్యూబునకు తూటు పడును. చిన్న పానాతో ఆకులను వరుసగా మీటిచూడుడు. ఒకే ప్రక్క ఆకులు ఇంచుమించు ఒకే ధ్వని నీయవలెను. వీణతీగ సడలినట్లు మొద్దుగా పలికినది సోమరియై తన బరువును పొరుగువానిమీద వేయుచున్నదని గ్రహింపుడు.

ఇరుసును గూర్చి ఒక్కమాట. రెండు బేరింగుల నడుమ ఒక గొట్టముండును. దానిని మఱచిపోయి ఇరుసునట్టును బిగించినచో ఆ బిగువు ఇరుసుమీద కాక బేరింగులమీద పడును. చక్రము బిఱ్ఱుగా తిరుగును; నాలుగునాళ్లకు బేరింగు చెడి నట్టు సడలును. కొన్ని ఇంగ్లీషు బండ్లలో ముందరి ఇరుసును రెండుప్రక్కల మూతలతో, నాలుగు నట్టులతో పట్టింతురు. ఒక ప్రక్కను పూర్తిగా బిగించి రెండవప్రక్కకు పోరాదు. మంచమునకు నవారు బిగించునట్లు కొంత ఇటు, కొంత అటు బిగించుచు సరిచేయవలెను.

కట్టినపిమ్మట పని ముగియలేదు. మొదటి నూఱు కిలోమీటర్లలో మరలు కుదురుకొనును, ఆకులు సర్దుకొనును. అప్పుడు ప్రతి నట్టును మరల చూడవలెను. బిగించిన నట్టుమీదనుండి దాని క్రింది ఇనుముమీదికి రంగుతో సన్నని గీత గీయుట చవుకైన కావలి. గీత రెండుగా చీలినచో నట్టు తిరిగినదని దూరమునుండియే తెలియును. గీత చెదరనంతమాత్రమున బిగువున్నదని మాత్రము నమ్మరాదు. రంగుపొర నలిగిన సంగతి మీకు చెప్పియే యుంటిని.

ఇక పెద్దలకు నా మనవి. మీ మనుమడు బండిని మెఱుగుపెట్టి వాకిట నిలిపి, "తాతా, చూడుము" అనునపుడు రంగును మెచ్చుకొనుడు. మెచ్చుకొని నాలుగు ప్రశ్నలడుగుడు. ఈ నట్టు తన బోల్టుమీద వ్రేళ్లతో నడచినదా? దీని తలమీద ఏమి గుఱుతున్నది? దీనిక్రింద ఇనుమున్నదా, రంగున్నదా? ఇది సడలినచో రాలిపోకుండ కాచునదేది? ఈ నాలుగింటికిని వాడు తడబడక సమాధానము చెప్పినచో ఆశీర్వదించి పంపుడు. చెప్పలేనిచో బండి ఇంకొక వారము వాకిటనే యుండనిండు. పదునైదేండ్లు గడ్డిలో నున్న బండికి వారము లెక్కగాదు.

మా తమ్ముని కుమారుని చేయి కుదిరినది. ఇప్పుడు వాడే నాకన్న బాగుగా చక్రములు కట్టును. వాని పెట్టెలో ఒక్కొక్క మరజాతికి ఒక్కొక్క డబ్బా కలదు. జాతి తెలియని నట్టులకు వేఱొక డబ్బా. దానిమీద వాడు పెద్దయక్షరములతో "గేటుకు మాత్రమే" అని వ్రాసికొన్నాడు. నా కాలువగట్టు నట్టు వంటివి కొన్ని ఆ డబ్బాలో నున్నవి.

మా పెదనాన్నగారు ఇప్పుడు లేరు. ఐనను ఆ బండి వాకిలి దాటునపుడెల్ల మేమిరువురమును ఆగి, వంగి, ఆపుడుపట్టీ నట్టును చేతితో తడవి చూచుకొందుము. అది బిగువుననే యుండును. ఉండునని తెలిసియు చూతుము. కడచీల పాఠమింతే.